క్లచ్ జారుతోందా? వైరు, ఆయిలు, ప్లేట్లు: ముందు దేనికి డబ్బు పెట్టాలి

బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుపు పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. దీన్నే మెకానిక్కులు క్లచ్ స్లిప్ అంటారు. అక్కడి నుంచి మొదలవుతుంది అయోమయం. ఒకరు వైరు సర్దితే చాలంటారు. ఇంకొకరు ఆయిల్ మార్చమంటారు. వీధి చివరి షాపులో బండి ఆపీ ఆపకముందే "ప్లేట్లు పోయాయి సార్" అంటారు. సర్వీస్ సెంటర్‌లో అయితే క్లచ్ అసెంబ్లీ మొత్తం మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెడతారు. పైసా ఖర్చు లేని పనికీ నాలుగైదు వేల పనికీ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే కాబట్టి, ఎవరి మాట నమ్మాలో తేలదు.

తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది. చవకైనది, విప్పకుండా చూడగలిగేది ముందు. కవర్ విప్పాల్సింది తర్వాత. అయితే ప్లేట్లు నిజంగా అరిగిపోయాయని తేలాక మాత్రం చవక మార్గాలతో నెట్టుకురావడం పొదుపు కాదు. జారే ప్లేటు పుట్టించే వేడికి పక్కనున్న స్టీల్ ప్లేట్లు వంకరపోతాయి, స్ప్రింగులు చచ్చుబడతాయి. ఇవాళ ప్లేట్లతో పోయే ఖర్చు రెండు నెలలకు అన్ని ప్లేట్లూ స్ప్రింగులూ కలిపిన కిట్టు ఖర్చవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా గేర్లున్న మోటార్‌సైకిళ్ల గురించి, అంటే ఆయిల్‌లో మునిగి పనిచేసే మల్టీప్లేట్ క్లచ్ గురించి. యాక్టివా, జూపిటర్ లాంటి గేర్‌లెస్ స్కూటర్లలో క్లచ్, బెల్ట్ అమరికే వేరు. వాటికి ఈ లెక్కలు పనికిరావు.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఐదు విషయాలు చూడాలి. కారణం ఎంత కచ్చితంగా తెలిసింది? ఖర్చెంత? బండి ఎన్ని గంటలు చేతిలో ఉండదు? చేసిన పని ఎన్నాళ్లు నిలుస్తుంది? పని చెడితే నష్టం ఎంత? చాలామంది ఖర్చు దగ్గరే ఆగిపోతారు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా నాలుగూ సగం తేలిపోతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే.

అసలు ఇది క్లచ్ తప్పేనా

బండి లాగకపోవడం వేరు, క్లచ్ జారడం వేరు. తేడా ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజిన్ వేగం గబుక్కున పెరిగి, బండి వేగం దానితో పాటు పెరగకపోతే క్లచ్. ఇంజిన్ వేగమే పెరగకుండా బండి మూలుగుతూ ఉంటే క్లచ్‌ను వదిలేయండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, పెట్రోలు సరఫరా, పట్టేసిన బ్రేకు, ఇటువైపు వెతకాలి. పట్టేసిన వెనక డ్రమ్ బ్రేకును క్లచ్ అనుకుని ప్లేట్లు మార్పించుకున్నవాళ్లకు కొదవ లేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే ఆ అనుమానం అర నిమిషంలో తీరుతుంది.

క్లచ్ పట్టినా గేర్ పడకపోవడం, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకకపోవడం, గేర్ వేయగానే బండి ముందుకు దూకడం, ఇవి జారడానికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు. అక్కడ క్లచ్ పూర్తిగా విడవడం లేదు. వైరు బిగించాల్సింది అప్పుడు. జారే బండికి వైరు బిగిస్తే జబ్బు ముదురుతుంది.

జారుతోందో లేదో తేల్చే పరీక్ష ఇది. బండిని పది పదిహేను నిమిషాలు నడిపి ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు చాలా క్లచ్‌లు బుద్ధిగానే ఉంటాయి. తెల్లవారుజామున ఖాళీగా ఉండే తిన్నని రోడ్డు మీద, గంటకు 40 కిలోమీటర్ల దగ్గర నాలుగో గేరు, ఐదు గేర్ల బండి అయితే ఐదో గేరు వేసి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తెరవండి. ఆరోగ్యంగా ఉన్న బండి నెమ్మదిగా, బరువుగా వేగం అందుకుంటుంది. జారే బండిలో ఆర్‌పీఎం ముల్లు ముందు ఎగిరి, వేగం తర్వాత తీరిగ్గా వస్తుంది. మీటర్‌లో ఆర్‌పీఎం లేని బండికి చెవులే ఆధారం. ఫస్ట్, సెకండ్ గేర్లలో ఈ పరీక్ష చేసి లాభం లేదు. అక్కడ బండి సులువుగా ముందుకు దూకేస్తుంది కాబట్టి ప్లేట్ల మీద పూర్తి భారం నిలబడదు. జారడం ఎప్పుడూ పై గేర్లలో మొదలై కిందికి దిగుతుంది. సెకండ్ గేర్లో కూడా జారుతోందంటే చాలా ఆలస్యమైనట్టే.

అదే పరీక్షను వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఎత్తు రోడ్డు మీద చేస్తే తొలిదశ జారుడు కూడా దొరుకుతుంది. ఒక్కరుగా చదునైన రోడ్డు మీద బాగానే ఉండి, ఇద్దరెక్కితే మాత్రమే జారే బండికి ఇంకా కొంత సమయం ఉంది.

నాలుగు మార్గాలు ఒక చూపులో

కింది అంచనాలు 100 నుంచి 160 సీసీ బండ్లకు, బయటి మెకానిక్ దగ్గర చేయించేటట్టయితే. మోడల్‌ను బట్టి, షాపును బట్టి మారతాయి. 350 సీసీ బండ్లకు సామాను ధర రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువే అనుకోవచ్చు.

| మార్గం | ఎప్పుడు సరైనది | ఖర్చు | సమయం | ఎన్నాళ్లు |
|---|---|---|---|---|
| వైరు సర్దడం, లేదా మార్చడం | లివర్ దగ్గర లూజు లేనప్పుడు, వైరు పట్టేసినప్పుడు | సున్నా నుంచి కొన్ని వందలు | 10–30 నిమిషాలు | ప్లేట్లు బాగుంటే చాలాకాలం |
| సరైన గ్రేడు ఆయిల్ | ఆయిల్ మార్చాకే జారడం మొదలైనప్పుడు | ఒక ఆయిల్ చేంజ్ | అరగంట | ప్లేట్లు పాడవకపోతే శాశ్వతం |
| ప్లేట్లు, స్ప్రింగులు | రాపిడి (ఫ్రిక్షన్) ప్లేట్లు అరిగినప్పుడు | వెయ్యి పైన | రెండు మూడు గంటలు | నడిపే తీరును బట్టి ఏళ్లు |
| పూర్తి అసెంబ్లీ | ప్లేట్లు కూర్చునే గిన్నె (బెల్), దాని లోపలి భాగం (హబ్) గాట్లు పడినప్పుడు | అన్నిటికంటే ఎక్కువ | అర పూట నుంచి ఒక రోజు | అన్నిటికంటే ఎక్కువ |

వైరు

క్లచ్ వైరు వాడుతున్నకొద్దీ సాగి లూజవుతుందని అందరికీ తెలుసు. ప్లేట్లు అరుగుతున్నకొద్దీ లివర్ దగ్గర లూజు తగ్గిపోతుందన్నది తెలిసినవాళ్లు తక్కువ. ప్లేట్లు పలచబడితే ప్లేట్ల దొంతర మందం తగ్గుతుంది. దొంతరను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు లోపలికి జరుగుతుంది. దాంతో చాలా బండ్లలో క్లచ్‌ను విడిపించే లివర్‌కు ఉన్న ఖాళీ కరిగిపోతుంది. ఖాళీ సున్నా అయ్యాక మీరు లివర్ ముట్టుకోకపోయినా వైరు క్లచ్‌ను కొద్దిగా లాగే ఉంచుతుంది. అంటే ఇరవై నాలుగు గంటలూ హాఫ్ క్లచ్‌లో నడిపినట్టు.

అందుకే మొదటి పని లూజు కొలవడం. లివర్ చివరను వేలితో నెమ్మదిగా లాగండి. బరువు తగలకముందు అది ఎంత కదులుతుందో అదే లూజు. హోండా, హీరో తరహా కమ్యూటర్ బండ్లలో లివర్ చివర దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. కొన్ని కంపెనీలు లివర్‌కూ దాని హోల్డర్‌కూ మధ్య సందును కొలవమంటాయి. అక్కడ రెండు మూడు మి.మీ. చాలు. మీ బండి ఓనర్స్ మాన్యువల్‌లో ఏ చోట కొలవమన్నారో చూసి అక్కడే కొలవండి.

లూజు లేకపోతే, లివర్ దగ్గర రబ్బరు తొడుగు జరిపి, లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ను లోపలికి తిప్పండి. అది పూర్తిగా లోపలికి వెళ్లినా లూజు రాకపోతే ఇంజిన్ దగ్గర కింది అడ్జస్టర్ ఉంటుంది. పెద్ద మార్పు అక్కడ, చిన్న సర్దుబాటు పైన. ఆ తర్వాత లాక్ నట్లు బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను కుడి చివరికీ ఎడమ చివరికీ తిప్పి లూజు మళ్లీ కొలవండి. ఒకవైపు తిప్పినప్పుడు లూజు మాయమైతే వైరు దారి తప్పి ఉంది. ట్యాంకు కింద ఎక్కడో నలుగుతోంది. మలుపుల్లో మాత్రమే జారే బండ్ల కథ ఇదే.

లూజు సరిగానే ఉండి లివర్ వదిలినప్పుడు బద్ధకంగా వెనక్కి వస్తుంటే, వైరు లోపల తుప్పు పట్టింది లేదా పోగులు తెగుతున్నాయి. లివర్ దగ్గర వైరు చివరి గుండు ఉండే చోట చూడండి, మొదటి పోగు అక్కడే తెగుతుంది. వైరు విప్పి, ఇంజిన్ దగ్గరి రిలీజ్ ఆర్మ్‌ను (వైరు లాగే చేయి) చేత్తో కదిపి చూడండి. అది దానంతట అది వెనక్కి రావాలి. రాకపోతే తప్పు వైరుది కాదు, ఆర్మ్ షాఫ్ట్ పట్టేసింది. శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోవచ్చు.

ఈ మార్గం పరిమితి ఒక్కటే, కానీ పెద్దది. లూజు సర్దాక మూడు నాలుగు వందల కిలోమీటర్లలోనే మళ్లీ లూజు పోతుంటే ప్లేట్లు చివరి దశకు వచ్చాయని అర్థం. సర్దుబాటు ఇక సమయం కొనడానికే.

ఆయిల్

జారడం ఆయిల్ మార్చిన వారంలోనే మొదలైతే ముందు ఆ డబ్బా చూడండి. మోటార్‌సైకిల్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ క్లచ్‌కూ చాలావరకు ఒకే ఆయిల్. కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించడానికి కలిపే మందులు ఇంజిన్‌కు మంచివే కానీ, రాపిడి మీదే బతికే క్లచ్‌కు విషం. ఈ సమస్య కోసమే జపాన్ ఆటోమొబైల్ ప్రమాణాల సంస్థ 1998లో జాసో టీ903 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బా వెనక చిన్న పెట్టెలో ఎంఏ, ఎంఏ1, ఎంఏ2, ఎంబీ అని ఉంటుంది. గేర్లున్న బండికి ఎంఏ కుటుంబం కావాలి. అందులో ఎంఏ2 రాపిడి ఎక్కువ ఇస్తుంది. ఎంబీ రాపిడి తక్కువది. గేర్‌లెస్ స్కూటర్లకు ఉద్దేశించింది.

ఇంట్లో ఒక స్కూటరూ ఒక బైకూ ఉన్నచోట తప్పు ఇక్కడే జరుగుతుంది. రెండు డబ్బాల మీదా 10డబ్ల్యూ-30 అనే ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉంటాయి. మిగిలిన స్కూటర్ ఆయిల్ బైకులో పోస్తారు. చిక్కదనం సరిపోయింది కదా అనుకుంటారు. చిక్కదనం ఒక లెక్క, రాపిడి ఇంకో లెక్క. మైలేజీ పెంచుతుందని పెట్రోల్ బంకుల దగ్గర అమ్మే ఆయిల్ మందులు కూడా అంతే. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉన్న బండిలో వాటిని పోయొద్దు.

తప్పు ఆయిల్ తీసేసి, ఫిల్టర్ కూడా మార్చి, మాన్యువల్ చెప్పిన గ్రేడులో ఎంఏ లేదా ఎంఏ2 పోసి వంద రెండొందల కిలోమీటర్లు నడిపి చూడండి. తప్పు ఆయిల్‌తో తక్కువ దూరం తిరిగిన బండ్లు చాలావరకు కోలుకుంటాయి. ప్లేట్లు ఆ మందును పీల్చుకుని, పైగా జారి కాలిపోయి ఉంటే ఆయిల్ వాటిని వెనక్కి తేలేదు.

తీసిన ఆయిల్‌ను పారేయకముందు ఒకసారి చూడండి. తెల్లటి ప్లేటులో కొద్దిగా పోసి చూస్తే కాలిన వాసన, నల్లని సన్నని పొడి, పీచు ముక్కలు కనిపిస్తాయేమో తెలుస్తుంది. ఉంటే కవర్ విప్పక తప్పదు. ఆయిల్ మారుస్తూనే రోగ నిర్ధారణ కూడా అయిపోయింది కాబట్టి ఆ ఖర్చు వృథా కాలేదు. ఆయిల్ సరైనదే, మారుస్తున్న వేళ కూడా సరైనదే అయితే, జారడం ఆపడానికని ఇంకా ఖరీదైన ఆయిల్ కొనడంలో అర్థం లేదు. పూర్తి సింథటిక్ అరిగిపోయిన ప్లేటుకు మందం ఇవ్వదు.

ప్లేట్లు మాత్రమేనా, కిట్టా

అసలు చిక్కు ఇక్కడ. క్లచ్‌లో రెండు రకాల ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్చి ఉంటాయి. రాపిడి పదార్థం అంటించినవి ఫ్రిక్షన్ ప్లేట్లు. షాపుల్లో క్లచ్ ప్లేట్లు అంటే ఇవే. మధ్యలో ఉండే నున్నని ఉక్కు రేకులు స్టీల్ ప్లేట్లు. కొన్ని షాపుల్లో వీటినే ప్రెషర్ ప్లేట్లు అంటారు, కాబట్టి కొనేటప్పుడు ఏది అడుగుతున్నారో చేతిలో పెట్టి చూపించండి. అన్నిటినీ కలిపి నొక్కి పట్టేవి స్ప్రింగులు, చిన్న బండ్లలో సాధారణంగా నాలుగు.

బయటి మెకానిక్ తరచూ ఫ్రిక్షన్ ప్లేట్లు మాత్రమే మార్చి పంపిస్తారు. ఖర్చు తక్కువ, బండి అప్పటికి బాగుంటుంది. అది తప్పని ముందే తీర్మానించనక్కర్లేదు. నిర్ణయం కొలతల మీద ఆధారపడాలి, ఆ కొలతలు తీయడానికి వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నని రేకులు), ఒక గాజు పలక చాలు.

ఫ్రిక్షన్ ప్లేటు మందాన్ని చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవండి. కమ్యూటర్ బండ్లలో కొత్తది దాదాపు మూడు మి.మీ. దగ్గర ఉంటుంది. ఎంతవరకు అరగొచ్చో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కొత్తదానికీ ఆఖరి హద్దుకూ మధ్య తేడా చాలా బండ్లలో అర మి.మీ. కూడా ఉండదు. అంటే కంటితో చూసి "ఇంకా బాగానే ఉంది" అనడం పని చేయదు. మందం హద్దులోనే ఉన్నా, ముఖం అద్దంలా మెరుస్తూ నల్లబడి ఉంటే ఆ ప్లేటు పని అయిపోయింది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టడం కొన్ని రోజుల ఊరట మాత్రమే.

స్టీల్ ప్లేటును గాజు పలక మీద పెట్టి, అంచు కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. చాలా మాన్యువళ్లలో వంకర హద్దు 0.2 లేదా 0.3 మి.మీ. దగ్గర ఉంటుంది. నీలం రంగు మచ్చలు పడ్డ ప్లేటు బాగా కాలిందని గుర్తు. వంకర లేకపోయినా మార్చేయడం మంచిది. మచ్చలు లేకుండా, చదునుగా ఉన్నవాటిని సన్నని ఎమరీతో గుండ్రంగా రుద్ది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెట్టి పొడవు పోల్చండి. ఒకటి పొట్టిగా ఉన్నా అన్నీ మార్చాలి. స్ప్రింగుల ధర ఎంత తక్కువంటే, కవర్ విప్పి గాస్కెట్ (ఆయిల్ కారకుండా కవర్ కింద వేసే పొర) మార్చే లేబర్ ఎలాగూ ఇస్తున్నప్పుడు పాత స్ప్రింగులు తిరిగి పెట్టడంలో తెలివి ఏమీ లేదు.

అందుకే సలహా ఇది: ఫ్రిక్షన్ ప్లేట్లు, స్ప్రింగులు, క్లచ్ కవర్ గాస్కెట్ ఎప్పుడూ కలిపి. స్టీల్ ప్లేట్లు కొలిచి, తేడా ఉంటేనే. కొలవడానికి సాధనం లేకపోతే, లేదా మెకానిక్ కొలవనంటే కిట్ మొత్తం వేయించడమే నయం.

ఒక పాత చిట్కాతో జాగ్రత్త. ప్లేట్లు మార్చకుండా స్ప్రింగుల కింద వాషర్లు పెట్టి బిగిస్తారు. జారడం ఆ రోజుకు ఆగుతుంది. లివర్ మాత్రం రాయిలా బరువవుతుంది, వైరు త్వరగా తెగుతుంది, స్ప్రింగు పూర్తిగా ముడుచుకుపోతే క్లచ్ సరిగా విడవదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఆ లివర్‌ను వందసార్లు నొక్కే మణికట్టుకు ఇది శిక్ష.

పూర్తి అసెంబ్లీ ఎప్పుడు

ప్లేట్ల అంచున పొడుచుకొచ్చిన చెవులు కూర్చునే బయటి గిన్నెను క్లచ్ బెల్ అంటారు, లోపలి భాగం హబ్. ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు బెల్ గోడల మీద ఏళ్ల తరబడి కొట్టుకుని గాట్లు చేస్తాయి. గోటిని ఆ గోడ మీద నిలువునా నడపండి. గోరు కొద్దిగా తగిలితే సన్నని ఆకురాయితో సాపు చేయొచ్చు. ఆగిపోయేంత లోతుంటే బెల్ మార్చాలి. గాట్లలో ఇరుక్కున్న ప్లేట్లు సాఫీగా జరగలేవు. కొత్త ప్లేట్లు వేసినా బండి వణుకుతుంది, గేర్ పడదు. అయితే గాట్ల వల్ల ఎక్కువగా వచ్చేది వణుకూ, ఈడ్పూ (క్లచ్ పూర్తిగా విడవకపోవడం). కేవలం జారుతోందన్న కారణంతో బెల్ చూపించకుండా అసెంబ్లీ మొత్తం మార్చాలని అంటే, విప్పిన బెల్ చూపించమని అడగండి. అడగడం మీ హక్కు.

యమహా ఆర్15 మూడో తరం, బజాజ్ డామినార్ 400 లాంటి స్లిప్పర్ క్లచ్ (గేరు గబుక్కున తగ్గించినప్పుడు వెనక చక్రం పట్టేయకుండా కావాలనే కొద్దిగా జారేది) బండ్లలో హబ్ రెండు ముక్కలుగా, వాలు గాడులతో ఉంటుంది. అమర్చే క్రమం తప్పితే క్లచ్ పూర్తిగా పనిచేయదు. ఆ బండ్లకు ఆ మోడల్ విప్పిన అనుభవం ఉన్న మెకానికే కావాలి.

ఎవరి చేత చేయించాలి

సర్వీస్ సెంటర్‌లో సామాను కచ్చితంగా కంపెనీదే, బిల్లు ఉంటుంది, బిగింపు కొలత ప్రకారం ఉంటుంది. లేబర్ ఎక్కువ, బండి ఒక రోజు పోతుంది. వారంటీలో ఉన్న బండి అయితే అక్కడికే వెళ్లాలి. కానీ ప్లేట్లు అరిగే సామాను కిందికి వస్తాయి కాబట్టి సాధారణంగా ఉచితంగా మార్చరని ముందే మనసులో పెట్టుకోండి.

నమ్మకమైన బయటి మెకానిక్ బెంగళూరులో దొరికితే ఈ పనికి అదే ఉత్తమం. రెండు మూడు గంటల్లో, మీ కళ్ల ముందు. మారతహళ్లి, బీటీఎం వైపు షాపుల్లో తెలుగులోనే మాట్లాడుకునే వీలు ఎక్కువ. సామాను మీరే జేసీ రోడ్ లేదా కలాసిపాళ్య వైపు స్పేర్ల షాపుల్లో కొని ఇస్తే ధర తేడా మీకే మిగులుతుంది. బండి మోడల్‌తో పాటు తయారైన సంవత్సరం చెప్పండి, వీలైతే పాత ప్లేటు ఒకటి చేతిలో పట్టుకెళ్లండి. ఒకే పేరున్న బండికి సంవత్సరాన్ని బట్టి ప్లేట్ల సంఖ్యా చెవుల వెడల్పూ మారుతుంటాయి. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం పెట్టుకోండి.

కంపెనీ డబ్బా, పేరున్న ఆఫ్టర్‌మార్కెట్ (వేరే కంపెనీ తయారుచేసింది), లోకల్ అని సామాను మూడు రకాలు. క్లచ్ ప్లేట్ల విషయంలో మూడోదాన్ని దాటేయండి. పదార్థం అంటించిన తీరు బాగాలేకపోతే ముక్కలు ఊడి ఆయిల్ జాలీలో చేరతాయి, ఇంజిన్‌కే ముప్పు. క్లచ్ వైరు దగ్గర మాత్రం పేరున్న ఆఫ్టర్‌మార్కెట్‌తో హాయిగా గడిచిపోతుంది.

స్వయంగా చేయడం అసాధ్యం కాదు. చాలా బండ్లలో క్లచ్ కుడివైపు ఉంటుంది. అలాంటి బండిని జాగ్రత్తగా ఎడమవైపుకు వాల్చి నిలబెడితే ఆయిల్ తీయకుండానే కవర్ విప్పొచ్చు. పాత బుల్లెట్లలో ఎడమవైపు, ఆ కేసు ఆయిల్ కూడా వేరు. కొన్ని విషయాల్లో మాత్రం తొందర పనికిరాదు.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బండిలో పోసే ఆయిల్‌లోనే కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టాలి. పొడిగా పెడితే మొదటి స్టార్ట్‌లోనే కాలతాయి. విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోటో తీసుకోండి. కొన్ని బండ్లలో ఆఖరి ప్లేటు చెవులు వేరే గాడిలో కూర్చుంటాయి, కొన్నిట్లో ఒక ప్లేటు మిగతావాటికంటే వేరుగా ఉంటుంది. స్ప్రింగు బోల్టులు ఒకదాని ఎదురుగా ఒకటి, కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఇవి సాధారణంగా ఆరు మి.మీ. బోల్టులు, పది పన్నెండు న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. మాన్యువల్ అంకె వేరేగా ఉంటే అదే లెక్క. పొడవాటి పానాతో బలంగా లాగితే అల్యూమినియం మర ఊడిపోతుంది, అప్పుడు ప్లేట్ల ఖర్చు హబ్ ఖర్చవుతుంది. పాత గాస్కెట్ గీకడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు. ఒక గీత పడితే ఆయిల్ కారడం ఆగదు. బెల్ మధ్య నట్ విప్పడానికి ప్రత్యేక సాధనం కావాలి. అది లేకుండా సుత్తితో ప్రయత్నించాల్సి వస్తే అక్కడ ఆపి మెకానిక్‌ను పిలవండి. వాడేసిన ఆయిల్‌ను అపార్ట్‌మెంట్ పార్కింగ్ కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇవ్వండి.

మీ పరిస్థితిని బట్టి

రోజంతా డెలివరీ బండి నడిపేవారికి బండి ఆగిన ప్రతి గంటా సంపాదన నష్టం. వాళ్లకు నా సలహా: లూజు వారానికొకసారి చూసుకోండి, జారడం కనిపించిన వారంలోనే కిట్ మొత్తం వేయించండి. సగం సగం రిపేరు చేసి మూడు నెలలకు మళ్లీ బండి ఆపుకోవడం దండగ. మరో వైరు ఎప్పుడూ సీటు కింద ఉండాలి.

ఆఫీసుకు మాత్రమే నడిపి, వారాంతం ఇంట్లో ఉండేవారు తొందరపడనక్కర్లేదు. వైరు, ఆయిల్ రెండూ వరుసగా చూసి, తగ్గకపోతేనే కవర్ విప్పించండి.

శుక్రవారం రాత్రి ఎన్‌హెచ్ 44 మీద అనంతపురం వైపో, పలమనేరు దాటి మొగిలి ఘాట్ మీదుగా చిత్తూరు వైపో వెళ్లేవారి లెక్క వేరు. గంటలకొద్దీ పై గేరు, పూర్తి లోడు, వెనక మనిషి, బ్యాగులు. ఊళ్లో అప్పుడప్పుడు మాత్రమే జారే క్లచ్ దారిలో పూర్తిగా చేతులెత్తేస్తుంది. ప్రయాణానికి ముందు రోజు పై పరీక్ష ఇద్దరు ఎక్కి చేయండి. జారితే ప్లేట్లు వేయించాకే బయల్దేరండి.

పాత బండి కొనేవారు టెస్ట్ రైడ్ కనీసం పదిహేను నిమిషాలు అడగాలి. లివర్ దగ్గరి అడ్జస్టర్, కింది అడ్జస్టర్ రెండూ లూజు ఇచ్చే వైపు చివరికి వచ్చేసి ఉంటే, అమ్మేవారు ఏం చెప్పినా ప్లేట్ల ఖర్చు ధరలో తగ్గించమని అడగొచ్చు.

కొత్త ప్లేట్లు వేయించాక మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు పూర్తి యాక్సిలరేటర్, బరువు, హాఫ్ క్లచ్ తగ్గించండి. ఆ తర్వాత లూజు మళ్లీ కొలవండి. కొత్త ప్లేట్లు సర్దుకున్నాక అది మారుతుంది. సిల్క్ బోర్డ్ లాంటి చోట క్లచ్ సగం పట్టుకుని అంగుళం అంగుళం జరపడం కంటే, ముందు రెండు బండ్ల పొడవు ఖాళీ అయ్యేదాకా న్యూట్రల్‌లో ఆగి, ఒక్కసారి పూర్తిగా వదిలి కదలండి.

దారి మధ్యలో జారడం మొదలైతే పక్కకు ఆపి, లివర్ దగ్గరి అడ్జస్టర్‌ను లోపలికి తిప్పి లూజు పెంచండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఇంజిన్ చల్లారనివ్వండి. తర్వాత యాక్సిలరేటర్ సగానికి మించకుండా, మామూలుగా వాడే గేరు కంటే ఒక గేరు కింద, తక్కువ వేగంతో నడపండి. ఎత్తు వస్తే ముందే గేరు తగ్గించాలి, ఎత్తు మధ్యలో క్లచ్ ముట్టుకోకూడదు. వెనక కూర్చున్నవారిని బస్సెక్కించి, బండిని మొదటి ఊళ్లోని మెకానిక్ దాకా మాత్రమే తీసుకెళ్లండి.